ఢాకాకు దక్కిన నయీం సాబ్ మనకెందుకు దక్కలేదు?

ఏటూరునాగారం బస్టాండులో నిలబడి సయ్యద్ నయీముద్దీన్ ఎవరని అడిగితే చెప్పేవాళ్లు దొరకరు. మెస్సీ పేరున్న చొక్కాలు మాత్రం సంతలో వేలాడుతుంటాయి, పిల్లలు బేరమాడి కొనుక్కుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. మెస్సీ గురించి టీవీ చెప్పింది, ఫోను చెప్పింది. నయీముద్దీన్ గురించి ఎవరు చెప్పారు?

నేను చెబుతాను. ఆయన 1944లో హైదరాబాదులో పుట్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆడారు. తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో మనవాళ్లు జపాన్‌ను 1–0తో ఓడించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి పతకం. ఆ తర్వాత అర్ధ శతాబ్దం గడిచినా ఇంకొకటి రాలేదు. అంత పెద్ద పతకాన్ని చేత్తో పట్టుకొచ్చిన మనిషి పేరు ఆయన పుట్టిన రాష్ట్రంలో ఒక బడిపిల్లవాడికి తెలియకపోవడం నాకు కడుపులో మంటగా ఉంటుంది.

ఆయన ఆడిన చోటు కూడా ఇందుకు కొంత కారణమేమో. నయీం సాబ్ స్టాపర్ బ్యాక్. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు, పేపర్లో వాడి ఫొటో వేస్తారు. గోల్ పడకుండా తొంభై నిమిషాలు అడ్డం నిలబడ్డవాడికి ఫొటో ఉండదు. మా గ్రౌండులో కొత్తగా ఆడటానికొచ్చిన పిల్లలెవరూ బ్యాక్‌లో ఆడతామనరు. ‘సార్, నన్ను ముందర పెట్టండి’ అని చెయ్యి పట్టుకుని వేలాడతారు. బలవంతాన వెనక నిలబెడితే పదినిమిషాల్లో బంతి వెంట పరుగెత్తి అవతలి గోలు దగ్గర తేలతారు, మన గోలు ఖాళీగా ఉంటుంది. ఎదుటివాడి కాలు కాకుండా బంతినే చూడటం, వాడు తిరగకముందే వాడు తిరిగే పక్కకు ఒక అడుగు వెయ్యటం, పక్కనున్నవాణ్ణి పేరు పెట్టి కేకేసి చోటు మార్చటం, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒంటికి పట్టాల్సిన పనులు. 1–0తో గెలిచిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోలెంతో, అవతలివాళ్లకు దక్కని గోల్సూ అంతే. కెప్టెన్ నిలబడ్డది అక్కడే.

1970లోనే ఆయనకు అర్జున అవార్డు ఇచ్చారు. 1990లో ద్రోణాచార్య ఇచ్చారు. ఆటగాడిగా ఒకటి, గురువుగా ఒకటి, రెండూ ఒకే మనిషికి దక్కడం ఫుట్‌బాల్‌లో ఎంత అరుదో ఆట తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ 1990లోనే ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు కప్పులూ ఒకే సీజన్లో ఎత్తుకుపోయింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1997లో శాఫ్ కప్పు గెలిచింది. 2005 డిసెంబరులో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2–0తో ఓడించి మళ్లీ గెలిచింది. ఆ తర్వాత మూడు నెలలైనా కాకముందే జపాన్‌లో 6–0, ఢిల్లీలో యెమెన్ చేతిలో 3–0 ఓటమి. ఆయన పదవి పోయింది, ఇంగ్లండు నుంచి కొత్త కోచ్ వచ్చాడు. ఓడిన కోచ్‌ను మార్చటం ఆటలో ఉన్నదే, దాన్ని నేను తప్పుపట్టను. ఆ రెండు ఓటములనే గుర్తుపెట్టుకుని రెండు కప్పులను మర్చిపోయారు చూడండి, అదే నా బాధ.

మనం మరిచిపోయాం, ఢాకా మరిచిపోలేదు. అక్కడ గోపీబాగ్ పేటలో బ్రదర్స్ యూనియన్ అని ఒక క్లబ్బుంది. అబహానీ, మహమ్మడన్ లాంటి పెద్ద క్లబ్బుల పక్కన డబ్బులోనూ హంగులోనూ చిన్నది. నయీం సాబ్ ఆ క్లబ్బు పిల్లలకు కోచ్‌గా వెళ్లారు. ఢాకా మహమ్మడన్‌కూ చేశారు. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టునే ఆయన చేతిలో పెట్టారు. ప్రపంచకప్ అర్హత పోటీలో ఢాకాలో ఆయన జట్టు తజికిస్తాన్‌తో 1–1 డ్రా చేసింది. కరాచీ ఫైనల్లో తమను ఓడించిన కోచ్‌ను రెండేళ్లు తిరక్కుండానే పిలిచి జట్టు అప్పజెప్పారు వాళ్లు. విద్య ఉన్నవాణ్ణి గుర్తించటమంటే అది. డెబ్బై దాటాక కూడా ఆయన మళ్లీ బ్రదర్స్ యూనియన్‌కే వెళ్లారు. ఆ వయసులో మన దగ్గర మనిషికి పెన్షన్ కాగితాలు, బీపీ మాత్రలే లోకం. ఆయన మాత్రం పైకి వెళ్లే ఆశ పెద్దగా లేని జట్టు కోసం, పక్క దేశంలో, పొద్దున్నే మైదానానికి వెళ్లారు. క్రమశిక్షణ విషయంలో ఆయన చాలా కఠినమని అంటారు. కావచ్చు. పిల్లల దమ్ము పెంచాలనుకునే కోచ్ మెత్తగా ఉంటే పనవుతుందా?

ఆయన కలకత్తా మనిషి, ఢాకా మనిషి, మనకేం సంబంధమని కొందరు అనొచ్చు. సంబంధం లేకుండా చేసుకున్నది మనమే. హైదరాబాదు ఫుట్‌బాలర్లందరిదీ దాదాపు ఇదే కథ. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆయన మీద సినిమా రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది, తీసింది బొంబాయివాళ్లు.

తులసీదాస్ బలరాం సంగతి ఇంకా బాధాకరం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన మనిషి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు ఆ రోజుల్లో. చునీకి 1983లో పద్మశ్రీ, పీకేకు 1990లో పద్మశ్రీ. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆయనకు రాలేదు. అదే ఏడాది ఆగస్టు 15న బ్యాంకాక్ కాంస్య జట్టులోని మన హబీబ్ పోయాడు. ఆ తరంలో మిగిలినవాళ్లు కొద్దిమంది. మన ఆటగాణ్ణి మనం పట్టించుకోకపోతే ఢిల్లీలో ఎవరు ఫైలు కదుపుతారు?

ఇదంతా పాత కథ కదా అంటారా, కొత్త కథ కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. తండా నుంచి జాగ్రెబ్‌కు దారి దానంతట అది పడలేదు. ఊళ్లో ఆ పిల్లలో ఆటను కనిపెట్టి, నేర్పి, ఇంట్లోవాళ్లను ఒప్పించిన శిక్షకుల చలవ ఉంది. అలాంటి పిల్లలు మా దగ్గర లేరా? మా ఏటూరునాగారం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని కోయ పిల్లలు ఆడుతుంటే ఒకసారి వచ్చి చూడండి. రెండు వెదురు బొంగులు పాతి గోల్‌పోస్టంటారు. బూట్లుండవు, బంతి కుట్లు ఊడి బ్లాడర్ బయటికి తన్నుకొస్తుంటుంది. అయినా సాయంత్రం దాకా పరుగు ఆపరు. గోదావరి ఇసుకలో పరుగెత్తి పెరిగిన కాళ్లు అవి. నేను పనిచేసిన బడుల్లో ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నింటికీ కలిపి ఒక్క పీఈటీయే దిక్కు. ఫుట్‌బాల్ మాత్రమే నేర్పే మనిషి వాళ్లకు ఎన్నడూ దొరకలేదు. నేర్పగలిగినవాళ్లు ఈ రాష్ట్రంలో లేకపోలేదు. ఆడి రిటైరైనవాళ్లు, లైసెన్సు పరీక్షలు రాసుకున్నవాళ్లు జీతమిచ్చే చోటు కోసం కోల్‌కతా, గోవా చూసుకుంటారు.

2024లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు పెట్టారు, ఆ డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఆఖరి పోటీలు హైదరాబాదులోనే జరిపారు. సంతోషం. అంత ఖర్చుపెట్టగలిగిన ప్రభుత్వాన్ని నేను అడిగేది చాలా తక్కువ. హైదరాబాదులో ఒక మైదానానికి నయీముద్దీన్ పేరు, ఒకదానికి బలరాం పేరు పెట్టండి. వాళ్ల జీవితాలను బడి పుస్తకంలో ఒక పాఠంగా చేర్చండి. ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న షబ్బీర్ అలీ లాంటివాళ్లను కూర్చోబెట్టి జిల్లాల్లో ఫుట్‌బాల్ ఎలా మొదలుపెట్టాలో అడగండి. ప్రతి ఐటీడీఏకు జీతమిచ్చే ఫుట్‌బాల్ కోచ్ పోస్టు ఒకటి మంజూరు చేయండి, మొదటిది ఏటూరునాగారానికి ఇవ్వండి. చదువుతున్న మీరు కూడా ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లల్ని పిలిచి, 1970లో బ్యాంకాక్‌లో మన దేశానికి ఫుట్‌బాల్ పతకం తెచ్చిన కెప్టెన్ హైదరాబాదువాడని, పేరు సయ్యద్ నయీముద్దీన్ అని చెప్పండి.