తెర మీద ధర, చాటున బేరం

మార్చి నెలలో బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు పసుపు కల్లాల దగ్గర ఒక బేరం ఇలా మొదలవుతుంది. కొనడానికి వచ్చిన సేటు ఫోన్‌లో నిజామాబాద్ యార్డు ధర చూపిస్తాడు. "గింత దూరం యార్డుకు ఎందుకు పోతవ్ పటేలా? బండి కిరాయి, హమాలి, కమీషన్ అన్నీ పోంగ నీకేం మిగుల్తది? ఇయ్యాల యార్డుల పలికిన రేటే ఇస్త. ఈడనే కాంటా, ఈడనే పైసలు" అంటాడు. తొమ్మిది నెలలు పంట పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టించిన రైతుకు ఆ మాట సబబుగానే తోస్తుంది. అందులో నిజం కూడా ఉంది. కాంటా అయ్యాక, వెళ్లబోతూ సేటు ఇంకో మాట అంటాడు: "ఈ రేటు ఎవలకు చెప్పకు." ఈ వారం నేను రాయదలచుకున్నది ఆ రెండో మాట గురించి.

సేటు ఫోన్‌లో చూపించిన ధర ఎక్కడిది? 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, మొదలైంది. తెలంగాణ నుంచి చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అక్కడ రైతు గేటు దగ్గర సరుకు రాయిస్తే లాటు నంబరు ఇస్తారు. నమూనా తీసి తేమ, నాణ్యత చూస్తారు. లైసెన్సు ఉన్న వ్యాపారులు రాసులు చూసుకుని ఫోన్లలో, కంప్యూటర్లలో ధర కోట్ చేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ కోట్ చేసినవాడి పేరున లాటు ఖరారవుతుంది. ఆ ధర నచ్చకపోతే ఇవ్వనని చెప్పే హక్కు రైతుకుంది. ఒప్పుకుంటే కాంటా, తక్‌పట్టీ అనే లెక్క చీటీ, ఆపైన డబ్బు.

కాబట్టి ఆ అంకె సేటుది కాదు. బండి కిరాయి పెట్టుకుని, యార్డులో రాత్రి పడుకుని సరుకు వేలానికి పెట్టిన రైతులది. లాటు దక్కకపోయినా నిజాయితీగా ధర కోట్ చేసిన వ్యాపారులది. వాళ్లందరూ కలిసి తయారుచేసిన ధరను ఫోన్‌లో చూసి ఊళ్లో కల్లం దగ్గర వాడుకుంటున్నారు.

మార్కెట్ ఫీజు సంగతి ముందే తేల్చేస్తాను. కొన్నవాడు నూటికి ఒక రూపాయి మార్కెట్ కమిటీకి కట్టాలి. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతంలో యార్డు బయట కొన్నా కట్టాల్సిందే. ఎగ్గొడితే అది తప్పే, దాన్ని పట్టుకోవలసింది అధికారులు. కానీ చాటు బేరాల మీద చర్చ అంతా ఈ ఒక్క రూపాయి చుట్టూ తిరగడం నాకు నచ్చదు. నష్టం అంతకంటే చాలా పెద్దది.

లెక్క వేసి చూడండి. ఒక వ్యాపారి యార్డు వేలంలో 20 క్వింటాళ్లు కొన్నాడు, అదే ధరకు కల్లాల దగ్గర 200 క్వింటాళ్లు కొన్నాడు అనుకుందాం. వేలంలో క్వింటాలుకు ఇంకో వంద పెంచితే ఆయనకు పడే భారం ఎంత? యార్డు సరుకు మీద అయితే 2,000 రూపాయలు. కానీ ఆ పెరిగిన ధరే రేపు కల్లాల్లోనూ చెల్లించాలి కాబట్టి అసలు భారం 22,000. ఇక ఆయన యార్డులో ధర ఎందుకు పెంచుతాడు? బయట ఎంత ఎక్కువ కొంటే లోపల ధర అంత తగ్గి ఉండటమే ఆయనకు లాభం. ఎవరితో ఏ కుట్రా చేయనక్కర్లేదు. తన లాభం చూసుకుంటే చాలు, వేలం తనంతట తనే చప్పబడిపోతుంది. కల్లంలో అమ్మిన రైతుకు ఇవాళ కిరాయి మిగిలింది. ఆ బేరం వల్ల తగ్గిన ధర ఎల్లుండి యార్డుకెళ్లిన పక్కింటి రైతు మీద పడుతుంది, నెల తర్వాత మిగిలిన బస్తాలు అమ్మబోయిన తన మీదా పడుతుంది.

అలాగని యార్డు బయట అమ్మడమే పాపం అని నేను అనను. అలా అనేవాళ్లు మధ్యప్రదేశ్ సోయా అనుభవం చూడాలి. 2000 నుంచి ఐటీసీ కంపెనీ అక్కడి ఊళ్లలో ఈ-చౌపాల్ పేరుతో కంప్యూటర్లు పెట్టి, తాను సోయా ఏ ధరకు కొంటుందో ముందే తెలియజేసేది. అది పూర్తిగా వేలం బయటి కొనుగోలు. అయినా ఆ కంప్యూటర్లు వచ్చిన ప్రాంతాల్లో మండీల్లోనూ సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని 2010లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. కారణం కష్టమైనదేమీ కాదు. బయటి ధర అందరికీ కనపడింది. మండీకి వెళ్లే రైతుకు అది చెప్పుకోవడానికి ఒక మాట అయింది, మండీ వ్యాపారి దాన్ని దాటక తప్పలేదు. మన పసుపు రైతులు కూడా ధర బాగుంటే మహారాష్ట్రలోని సాంగ్లీకి లారీల్లో సరుకు పట్టుకెళతారు. అదీ నిజామాబాద్ యార్డుకు బయటే. కానీ అక్కడ పలికిన ధర నాలుగు ఊళ్లలో చెప్పుకుంటారు, దాంతో ఇక్కడి వ్యాపారి కూడా కదులుతాడు.

అందుకే సేటు చెప్పిన రెండో మాట మీద నాకు అంత పట్టింపు. వేలం ధర తెలుసుకుని, దాని మీద బేరం చేసి, తన ధరను మాత్రం ఎవరికీ తెలియనివ్వకపోవడం అన్యాయం. తీసుకునేది నలుగురి దగ్గర, తిరిగి ఇచ్చేది ఏమీ లేదు.

ఇంతకంటే సున్నితమైన బేరం ఇంకొకటి ఉంది. లాటు తెర మీద ఉండగానే ఒక వ్యాపారి రైతుకు ఫోన్ చేస్తాడు. "వచ్చిన రేటు వద్దని చెప్పు కాకా, సాయంత్రం నేను వంద ఎక్కువిస్త." రైతుకు కాదనే హక్కు ఎలాగూ ఉంది. వంద ఎక్కువ వస్తోంది. ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది? నా జవాబు, ముందుగా ఆ రైతుకే. ఈ వ్యాపారి వంద ఎక్కువ ఇవ్వగలిగినప్పుడు ఆ ధర తెర మీదే ఎందుకు పెట్టలేదు? పెడితే మొదటివాడు ఇంకో వంద పెంచవచ్చు, మూడోవాడు రావచ్చు. ఆ పోటీని తప్పించుకోవడానికే ఫోన్. జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ అనే ఆర్థికవేత్తలు 1996లో దీన్ని గణితంతోనే నిరూపించారు. కొన్ని సాధారణ షరతుల్లో, కొనేవాళ్లతో ఎంత నేర్పుగా బేరమాడినా రాని లాభం, వేలంలోకి ఇంకొక్క కొనుగోలుదారు వస్తే వస్తుందని. రైతుకు వచ్చిన వంద కనిపిస్తుంది. రాకుండా పోయిన మూడు వందలు కనిపించవు.

రెండో అన్యాయం మొదటి వ్యాపారికి. తన శక్తి కొద్దీ ఎక్కువ ధర కోట్ చేసి, లాటు తనదే అవుతుందని నమ్మి కూర్చున్నాడు. ఆయన ధరను మెట్టుగా చేసుకుని ఇంకొకడు సరుకు ఎత్తుకుపోయాడు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆయన కూడా తెర మీద తక్కువ కోట్ చేసి, సాయంత్రం ఫోన్ పట్టుకుంటాడు. నిజాయితీగా ధర పెట్టినవాడికి పని దొరకని మార్కెట్‌లో నిజమైన ధర పుట్టదు. ధర నచ్చక కాదనడం రైతు హక్కు, దాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. ముందే చాటున ఒప్పందం చేసుకుని కాదనడం మాత్రం ఆ హక్కును అద్దెకివ్వడం.

అయితే ఈ తప్పుల్లో అన్నిటికంటే నీచమైనది యార్డు గోడల లోపలే జరుగుతుంది. వేలం అయిపోయింది, ధర ఖరారైంది, కాంటా దగ్గరికి సరుకు వచ్చింది. అప్పుడు బస్తా విప్పి, ఒక కొమ్ము విరిచి చూసి, "పచ్చిగుంది. మూడు వందలు తగ్గించుకో, లేకుంటే ఎత్తుకపో" అంటారు. బండి వెళ్లిపోయింది. పొద్దు వాలింది. మిగతా వ్యాపారులు తమ లాట్లు కొనుక్కుని వెళ్లిపోయారు. ఇంక రైతుకు మిగిలింది ఒకే ఒక్క కొనుగోలుదారు. వేలం ఉన్నదే ఆ ఒంటరితనం రాకుండా కాపాడటానికి. ధర తెగాక దాన్ని మళ్లీ తెరవడం అంటే వేలం జరగనట్టే. తేమ ఎంతుందో వేలానికి ముందే చూశారు కదా, ఆ పరీక్షకు విలువ లేనప్పుడు నమూనా తీయడం దేనికి? తరుగు పేరుతో కోసినా, ధర పేరుతో కోసినా ఇది వేలం బయటి బేరమే, అదీ రైతు ఇష్టం లేకుండా చేసిన బేరం. కల్లంలో కొన్న సేటు మీద చూపే కోపంలో సగమైనా అధికారులు ఈ కాంటా దగ్గరి కోత మీద చూపితే యార్డుకు రావడానికి రైతు వెనకాడడు.

మిర్చి యార్డుల్లో ఇదే కథ ఇంకో రూపంలో ఉంది. ఖమ్మంలో, వరంగల్ ఏనుమాములలో పొద్దున్నే జెండా పాట పాడతారు. మేలైన ఒక లాటుకు అందరి ముందూ పాట పాడితే వచ్చిన ధర ఆ రోజు జెండా రేటు. పత్రికల్లో అచ్చయ్యేది అదే. ఆ తర్వాత మిగతా బస్తాల దగ్గర వ్యాపారులు విడివిడిగా ధర చెబుతారు. ఎక్కువ మందికి దక్కేది జెండా రేటు కంటే తక్కువే. ఒక లాటుకు పాట, వెయ్యి లాట్లకు బేరం. జెండా రేటు చదివి మర్నాడు బస్తాలు వేసుకొచ్చిన రైతు ఏ ధర నమ్మి వచ్చాడు, ఏ ధరకు అమ్ముకున్నాడు? వచ్చిన ప్రతి లాటుకూ ధర తెర మీద నిలిచే దాకా ఈ బాధ తీరదు.

అప్పు సంగతి చెప్పకుండా రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. విత్తనం వేసే రోజునే పెట్టుబడికి డబ్బిచ్చిన కమీషన్ ఏజెంటుకు రైతు సరుకు ఎప్పుడో అమ్ముడుపోయినట్టే. మార్చిలో జరిగే వేలం ఆ రైతు వరకు లాంఛనం. అప్పిచ్చినవాడే అమ్మిపెట్టేవాడు, ఒక్కోసారి కొనేవాడు కూడా అతనికి కావలసినవాడే. ఇలాంటిచోట రైతు "సరే" అన్నాడు కదా అనడం అన్యాయం. నీతి ప్రశ్న అప్పిచ్చినవాణ్ని అడగాలి. సహకార సంఘాలూ బ్యాంకులూ ఆ రైతుకు జూన్‌లో అప్పు ఎందుకివ్వలేదో అడగాలి. 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు పోటీకి దిగారు. ధర మీద తమకు ఏ పట్టూ లేదన్న కడుపుమంటతో దిగినవాళ్లు వాళ్లు. వాళ్లను బుద్ధిమంతులుగా ఉండమని చెప్పే ముందు వేలాన్ని నమ్మదగినదిగా చేయాలి.

వేలంలోనూ కొనేవాళ్లు కూడబలుక్కుంటే, లేక నలుగురే ఉంటే? అప్పుడు రైతు బయటికి పోవడం ఆత్మరక్షణే. కానీ దానికి మందు లోపలికి ఇంకో కొనుగోలుదారును తేవడం. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు ధరలు పడిపోయినప్పుడు, ఆ జూలైలో రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌ను పొగాకు వేలం కేంద్రాల్లోకి దించింది. రైతును బయటికి పొమ్మనలేదు, వేలంలో కొనేవాళ్ల వరసలో ఇంకొకర్ని నిలబెట్టింది. కర్ణాటక 2014లో మార్కెట్లన్నిటినీ ఒకే ఆన్‌లైన్ వేదిక మీదికి తేవడం మొదలుపెట్టాక వరి, వేరుశనగ, మొక్కజొన్న ధరలు సగటున మూడున్నర నుంచి 5 శాతం దాకా పెరిగాయని 2020లో వెలువడిన మరో అధ్యయనం చూపింది. అదే 2020లో కేంద్రం తెచ్చిన సాగు చట్టం మాత్రం యార్డు బయట ఫీజు లేకుండా కొనుక్కోవచ్చంది. ఆ బయటి ధరలు రైతులందరికీ రోజూ తెలియాలన్న షరతు అందులో గట్టిగా లేదు. 2021 నవంబరులో ఆ చట్టం రద్దయింది. రద్దు కోరినవాళ్లలో చాలామంది ఫీజు గురించి మాట్లాడారు, నాకు కొరతగా కనిపించింది ధర వెల్లడి.

యార్డుకు బండి కట్టలేని రైతు కష్టం నిజమైనదే. దానికి చాటు బేరమే దారి కానక్కర్లేదు. సరుకు గోదాములోనో రైతు ఉత్పత్తిదారుల సంఘం దగ్గరో ఉంచి అక్కడి నుంచే ఈ-నామ్ వేలానికి పెట్టే వీలు 2020 ఏప్రిల్ నుంచి ఉంది. పసుపు ఎండితే నిలవ ఉండే పంట, ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఇక కల్లంలోనే అమ్ముకుంటానన్న రైతును ఆపక్కర్లేదు. లైసెన్సు ఉన్న వ్యాపారి అక్కడ కొన్న సరుకు, ధర అదే రోజు యార్డు తెర మీద వేలం ధరల పక్కన కనపడాలి. రైతు పేరు అక్కర్లేదు, ఊరి పేరు చాలు. వ్యాపార రహస్యం బయటపెట్టమంటారా అని కొందరు అడుగుతారు. యార్డు ధర అందరిదీ అయినప్పుడు దాన్ని చూపించి కొన్న ధర ఒక్కడి రహస్యం ఎలా అవుతుంది? జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. మార్కెట్ కమిటీతో కూర్చుని, వచ్చే సీజన్‌లో కొత్త పసుపు యార్డుకు రాకముందే అది ఈ పని పూర్తి చేయించాలి.