మేడయిండ్లలో వ్యాయామయంత్రము

అంతస్తుల యిండ్లలో మన నేలయే క్రిందివారికిఁ బైకప్పు. కావున వ్యాయామయంత్రమును గొనఁబోవునపుడు వెలకంటె ముందు చప్పుడును విచారింపవలయును. పొరుగువారి మాట పడలేక మానివేసినచో నది బట్టలారవేయు దండెమగును.

ట్రెడ్‌మిల్లున మోటారు మ్రోఁతకంటె నడుగుల తాకిడియే చిక్కు. అది కాంక్రీటు గుండ క్రిందియింటికి దిగును. రబ్బరుచాప దానిని గొంత తగ్గించునే కాని మాన్పదు. త్రాడాటయు నిట్టిదే. తెల్లవారుజామున క్రిందియింటఁ బసిబిడ్డ నిద్రించుచుండ నిది యెంత బాధయో తల్లులకుఁ జెప్పవలెనా?

నా మతమున మడతసైకిలు మేలు. అందును అయస్కాంతపు నిరోధము గలదానినే యెన్నుకొనుఁడు. అయస్కాంతము చక్రమును దాఁకకయే దాని వేగము నణఁచును గనుక ఒరపిడి చప్పుడుండదు. అంగడిలో ఊరక చూచి రాక, పది నిమిషములు త్రొక్కి చూడుఁడు. పెడలు అడుగునకు దిగినపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. చీర కుచ్చెళ్లు పెడలునఁ జిక్కును, సల్వారు నయము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకుఁ గనీసము 150 నిమిషముల మితవ్యాయామము వలయునని చెప్పినది. మాటలాడఁగలిగియుఁ బాట పాడలేనంత ఆయాసము మితము. గుండెజబ్బు గలవారును గర్భవతులును ముందుగా వైద్యుని నడుగవలెను.

మడిచిన యంత్రము తలుపువెనుకఁ బట్టునో లేదో, ఆ చోటు కొలిచికొనియే యంగడికిఁ బొండు.