సర్టిఫికెట్‌కూ గడువుంటుంది

పదో తరగతి మార్కుల మెమో ఒక్కసారి చేతికొస్తే బతికినంత కాలం చెల్లుతుంది. ఐటీఐ పాసైన కాగితమూ అంతే. అందుకే కొడుకో బిడ్డో వచ్చి "నా కంప్యూటర్ సర్టిఫికెట్ గడువు అయిపోతోంది, మళ్లీ పరీక్ష రాయాలి" అంటే ఇంట్లో పెద్దలకు అనుమానం వస్తుంది. "మొన్ననే కదరా భిషీ ఎత్తి పైసలు కట్టింది? మళ్లా ఏం పరీక్షరా?" అనే మాట ఈ మధ్య మన గల్లీల్లో చాలా ఇళ్లలో వినబడుతోంది. పిల్లవాడు అబద్ధం ఆడటం లేదు. పెద్దలు అడిగిందీ తప్పు కాదు. ఈ నెల ఆ లెక్కే చూద్దాం.

ఎవరిస్తారు ఈ కాగితాలు?

డిగ్రీ యూనివర్సిటీ ఇస్తుంది. ఈ సర్టిఫికెట్లను ఎక్కువగా సామాను తయారు చేసే కంపెనీలే ఇస్తాయి. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే రౌటర్లు, స్విచ్‌లు చేసే సిస్కో కంపెనీ 'సీసీఎన్ఏ' పరీక్ష పెడుతుంది. సొంతంగా యంత్రాలు కొనకుండా వేరేవాళ్ల కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద కిరాయికి తీసుకోవడాన్ని క్లౌడ్ అంటారు. ఆ పనికి అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ పరీక్షలు, మైక్రోసాఫ్ట్ వాళ్ల అజ్యూర్ పరీక్షలు ఉన్నాయి. లినక్స్ పని చేసేవాళ్లకు రెడ్ హ్యాట్ పరీక్ష ఉంది. ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడకుండా కంప్యూటర్ రిపేరు, నెట్‌వర్క్, భద్రత మీద పరీక్షలు పెట్టేది కాంప్‌టియా అనే సంస్థ.

గడువు ఎందుకు పెట్టారు?

మన కార్ఖానాల్లో చూసిన సంగతే. సాదా పవర్‌లూమ్ ఇరవై ఏళ్లు నడిపిన మనిషి కూడా రేపియర్ మగ్గం ముందుకు పోతే మొదటి వారం కొత్తవాడే. దాంట్లో నాడె ఉండదు, పోగు వేసే పద్ధతే వేరు. పాత అనుభవం పనికిరాదని కాదు, దాని మీద కొత్తది నేర్చుకోవాలి. మిల్లులో బాయిలర్ సంగతి కూడా మనకు తెలుసు. ఎంత మంచి బాయిలరైనా ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తేనే నడవాలి. కంప్యూటర్ పని వీటికంటే తొందరగా మారుతుంది.

ముందు ఇట్లా ఉండేది కాదు. కాంప్‌టియా వాళ్ల ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ 2010 చివరి దాకా ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లేవి. 2011 జనవరి 1 నుంచి మూడేళ్ల గడువు పెట్టారు. సిస్కోలో సీసీఎన్ఏ పేరుతో రకరకాల పరీక్షలుండేవి. 2020 ఫిబ్రవరి 24 నుంచి వాటిని కలిపి ఒకే పరీక్ష చేశారు. గడువు పెడితే కంపెనీకి ఫీజుల రూపంలో ఆదాయం వస్తుందన్నదీ నిజమే. కానీ కొలువు ఇచ్చేవాడు చూసేది కాగితం మీది తారీఖునే కాబట్టి మనమూ దాన్నే చూడాలి.

ఎన్నేళ్లు, ఎట్లా రెన్యూ?

సిస్కో సీసీఎన్ఏకు, ఏడబ్ల్యూఎస్ పరీక్షలకు, రెడ్ హ్యాట్‌కు, కాంప్‌టియా వాళ్ల ఆ మూడు సర్టిఫికెట్లకు గడువు మూడేళ్లు. మైక్రోసాఫ్ట్‌లో మొదటి మెట్టు 'ఫండమెంటల్స్' సర్టిఫికెట్లకు గడువు లేదు. దాని పై మెట్టు 'అసోసియేట్', 'ఎక్స్‌పర్ట్' సర్టిఫికెట్లకు మాత్రం ఏడాదే.

ఏడాదే అంటే భయపడకండి. అన్నిటికంటే సులువైన రెన్యూవల్ అదే. గడువు తీరడానికి ఆరు నెలల ముందు నుంచి, ఇంట్లో కూర్చుని, పుస్తకం చూసుకుంటూ, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో చిన్న పరీక్ష రాయొచ్చు. ఒక్క పైసా ఫీజు లేదు. తప్పితే మళ్లీ రాయొచ్చు. పాసైతే ఇంకో ఏడాది కలుస్తుంది. గడువు దాటిపోతే మాత్రం మొదట రాసిన పరీక్షే ఫీజు కట్టి మళ్లీ రాయాలి. తారీఖు గుర్తు లేకపోవడం వల్ల ఉచితంగా అయ్యే పని వేల రూపాయల పనవుతుంది. పెళ్లయ్యో కాన్పుకో కొన్నాళ్లు కొలువు మానిన ఆడపిల్లలకు ఇట్లా జారిపోతుంటుంది. ఆ ఏడాది ఇంట్లో వాళ్లు ఒక్క గంట పిల్లను ఎత్తుకుంటే ఆమె సర్టిఫికెట్ నిలుస్తుంది.

సీసీఎన్ఏ అయితే మళ్లీ పరీక్ష రాయాలి, లేదా సిస్కో గుర్తించిన కోర్సులు చేసి 30 పాయింట్లు తెచ్చుకోవాలి. అటువంటి కోర్సులు కొన్ని అప్పుడప్పుడు ఉచితంగానూ పెడతారు. కాంప్‌టియాలోనూ పాయింట్ల పద్ధతి ఉంది: ఏ ప్లస్‌కు 20, నెట్‌వర్క్ ప్లస్‌కు 30, సెక్యూరిటీ ప్లస్‌కు 50. సెక్యూరిటీ ప్లస్ పాసైతే దాని కిందివి రెండూ దాంతోపాటే రెన్యూ అవుతాయి. ఏడబ్ల్యూఎస్‌లో కూడా పై మెట్టు అసోసియేట్ పరీక్ష పాసైతే కింది మెట్టు ప్రాక్టీషనర్ తిరిగి నిలబడుతుంది. కాబట్టి అదే పరీక్షకు రెండోసారి ఫీజు కట్టేముందు, ఆ పైసలతో పై మెట్టు ఎక్కొచ్చేమో చూడండి.

పైసల లెక్క

ఫీజులు డాలర్లలో ఉంటాయి. ఇది రాసేనాటికి సీసీఎన్ఏ 300 డాలర్లు, అంటే మన పైసల్లో పాతిక వేల పైమాటే, పన్ను వేరే. ఏడబ్ల్యూఎస్ ప్రాక్టీషనర్ 100 డాలర్లు, అసోసియేట్ 150. మైక్రోసాఫ్ట్ ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఒక పరీక్ష పాసైతే తర్వాతి పరీక్షకు సగం ఫీజు తగ్గించే కూపన్ ఇస్తారు. అది చాలామంది పిల్లలు వాడుకోకుండానే వదిలేస్తారు.

ఫెయిలైతే కట్టిన ఫీజు తిరిగి రాదు. సిస్కోలో అయిదు రోజులు, ఏడబ్ల్యూఎస్‌లో పద్నాలుగు రోజులు ఆగి మళ్లీ మొత్తం ఫీజు కట్టాలి. మగ్గం మీద, బీడీల మీద కూడబెట్టిన సొమ్ము అది. కోర్సులో చేరిన రోజే పరీక్ష తారీఖు తీసుకోవద్దు. ఇంట్లో మాదిరి పరీక్షలు రాసి, వరసగా మంచి మార్కులు వస్తున్నప్పుడే ఫీజు కట్టండి.

ఇన్‌స్టిట్యూట్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. మీ ఫీజులో పరీక్ష ఫీజు ఉందా? ఏ కంపెనీ పరీక్ష, దాని నంబరేమిటి? చివరికి చేతికిచ్చేది కంపెనీ సర్టిఫికెటా, మీ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెటా? గోడకు కంపెనీ బొమ్మలు అతికించి, చివరికి "కోర్సు పూర్తి చేసినాడు" అన్న సొంత కాగితం ఇచ్చి పంపేవాళ్లు ఉన్నారు. అది అబద్ధపు కాగితం కాదు, కానీ కంపెనీ సర్టిఫికెట్ కూడా కాదు. అసలుదైతే ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. కొలువు ఇచ్చేవాళ్లు అట్లాగే చూస్తారు.

ఇంకొకటి. పరీక్ష ఖాతా పిల్లవాడి సొంత ఈమెయిల్‌తోనే తెరవాలి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లే తమ ఈమెయిల్ పెట్టి తెరిస్తే, గడువు దగ్గరపడిందన్న కబురు వాళ్లకే పోతుంది. కాలేజీ ఈమెయిల్ కాలేజీతోనే పోతుంది.

డంపులు కొనొద్దు

"అసలు ప్రశ్నలే ఇస్తం, పాస్ గ్యారంటీ" అని అమ్మేవాటిని డంపులంటారు. కొందరైతే "మేమే మనిషిని పెట్టి రాయిస్తం" అని కూడా అంటారు. పరీక్షలో కూర్చునేముందు ప్రశ్నలు బయటపెట్టనని, దొంగదారిన పోనని పిల్లవాడు ఒప్పుకుంటేనే పరీక్ష మొదలవుతుంది. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయనివ్వకపోవచ్చు కూడా. పట్టుబడకపోయినా ఏం లాభం? తెగిన పోగు అతకడం రానివాణ్ని మగ్గం ముందు నిలబెడితే ముకద్దం ఎంతసేపట్లో కనిపెడతాడు? ఇంటర్వ్యూలోనూ అంతే. రెడ్ హ్యాట్ పరీక్షలో అయితే టిక్కులు పెట్టే పనే లేదు. యంత్రం ముందు కూర్చోబెట్టి, పని చేసి చూపించమంటారు.

పేరు, ఇల్లు, భాష

పరీక్ష గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పేరు దగ్గరే ఆగిపోతారు. మన వాళ్లకు ఇది మరీ చిక్కు. మహారాష్ట్ర బళ్లో ఇంటిపేరు ముందు, తర్వాత సొంత పేరు, చివర తండ్రి పేరు రాస్తారు. తమిళనాడులో ఇంటిపేరు పోయి తండ్రి పేరులో ఒక్క అక్షరం ఇనిషియల్‌గా నిలుస్తుంది. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకొకలా ఉంటుంది. ఏ కార్డు చెల్లుతుందో ఆ పరీక్ష నిబంధనల్లో ముందే చూసి, ఆ కార్డు మీద ఇంగ్లీషులో ఎట్లా ఉందో అక్షరం తేడా రాకుండా ఖాతాలో అట్లాగే రాయాలి.

ఈ పరీక్షల్లో చాలావాటిని పియర్సన్ వ్యూ సెంటర్‌లో గానీ, ఇంట్లో కెమెరా ముందు గానీ రాయొచ్చు. ఇంట్లో అంటే గదిలో ఇంకొకరు ఉండకూడదు, మధ్యలో ఎవరూ రాకూడదు, ఫోను చేతికి అందకూడదు, ఇంటర్నెట్ ఆగకూడదు. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో, కింద మగ్గాలు ఆడుతుంటే అది కుదరని పని. బస్సు కిరాయి ఖర్చయినా సెంటర్‌కే పంపండి.

తెలుగు మీడియంలోనో మరాఠీ మీడియంలోనో చదివిన పిల్లలకు ఇంగ్లీషు ప్రశ్న చదవడానికే సమయం పడుతుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఏడబ్ల్యూఎస్ పరీక్షలో అరగంట ఎక్కువ సమయం ఇస్తారు. కానీ పరీక్ష తారీఖు తీసుకోకముందే ఖాతాలో ఆ సౌకర్యం అడగాలి, అడగకపోతే రాదు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో కంప్యూటర్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, ఉచితం. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో, ఏడబ్ల్యూఎస్ స్కిల్ బిల్డర్‌లో ఉచిత పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ముందు రెండు నెలలు వాటితో నేర్చుకోనివ్వండి. పిల్లవాడికి ఆ పని మీద మనసుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

అన్నీ నిలబెట్టుకోవాలా?

అక్కర్లేదు. సర్టిఫికెట్ ఉంటే కొలువు ఖాయమని ఎవరన్నా నమ్మకండి. అది ఇంటర్వ్యూ గుమ్మం దాకా తీసుకుపోతుంది, లోపల మాట్లాడాల్సింది పనే. పిల్లవాడు కోరుకుంటున్న కొలువు ప్రకటనలు ఒక పది ముందరేసుకుని, వాటిలో ఎక్కువసార్లు కనబడ్డ సర్టిఫికెట్ ఒక్కటి పట్టుకోండి. కొలువు దొరికాక, రెన్యూవల్ ఫీజు కంపెనీ భరిస్తుందేమో అడగమనండి. చాలా కంపెనీలు భరిస్తాయి, కానీ అడిగినవాళ్లకే. చేస్తున్న పనికి సంబంధం లేని సర్టిఫికెట్ గడువు తీరితే తీరనివ్వండి. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, దాని మీద మళ్లీ పైసలు పెట్టకపోతే నామోషీ ఏమీ లేదు.

భిషీ తారీఖు, పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఈ నెల పిల్లల దగ్గర కూర్చుని ఒక్క మాట అడగండి: "నీ సర్టిఫికెట్ ఎప్పటిదాకా బిడ్డా?" ఆ తారీఖుకు ఆరు నెలల ముందు తారీఖును క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టండి.

వచ్చే నెల ఐటీఐ పాసైన పిల్లల అప్రెంటిస్ కొలువుల గురించి రాస్తాను.