ముందు చెప్పింది మగవాళ్లకే

ముస్లింల దుస్తుల మీద చర్చ ఎప్పుడు లేచినా ఆడవాళ్ల తల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. టీవీలో వాదించుకునే నలుగురూ మగవాళ్లే అయినా, మగవాడు ఏం కట్టుకోవాలన్న ప్రశ్న మాత్రం రాదు. ఖురాన్‌లో వరస ఇలా లేదు. నూర్ సూరా 30వ వాక్యం విశ్వాసులైన పురుషులను చూపులు దించుకోమంటుంది, శీలం కాపాడుకోమంటుంది. స్త్రీలకూ అదే మాట చెప్పి, తలముసుగును ఎద మీదికి వేసుకోమనేది ఆ తర్వాతి 31వ వాక్యం. మన వాళ్లు పుస్తకం తెరవడమే 31 దగ్గర తెరుస్తారు.

మగవాళ్లకు నియమాలు లేక కాదు. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా కప్పి తీరాలని ఎక్కువమంది ధర్మవేత్తల మాట. అసలు పట్టు, బంగారం మగవాడికి కూడవని హదీసులు చెబుతున్నాయి. చీలమండలు దాటి నేల మీద జీరాడే బట్ట అహంకారానికి గుర్తని దాన్నీ వద్దన్నారు. అందుకే శుక్రవారం జుమా నమాజుకు వచ్చిన కుర్రాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ కాగానే ప్యాంటు అంచులు రెండు మడతలు పైకి మడుస్తారు. అదే కుర్రాడు సజ్దాకు నుదురు నేలకు ఆనేలా వంగితే పొట్టి టీషర్టు వీపు మీదికి ఎగబాకుతుంది, జీన్సు కిందికి జారుతుంది, వెనక వరసలోని పెద్దాయన కళ్లు మూసుకోవాల్సి వస్తుంది. చీలమండ మాట కన్నా ఒళ్లు కప్పుకోవడం గట్టి నియమం. నమాజు చెల్లడానికి అదొక షరతు. ఇక అత్తవారు పెట్టిన బంగారు ఉంగరంతో కూర్చున్న పెళ్లికొడుకును చూసి నికాహ్ ఆపిన ఖాజీని నేనింతవరకు చూడలేదు.

పట్టు నిషేధానికి నేతగాళ్లు ఒక దారి కనిపెట్టారు. మష్రూ బట్టలో పడుగు పట్టు, పేక నూలు. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలే తగులుతుంది. నిజాం ఏలుబడిలోని ఔరంగాబాద్ హిమ్రూ కూడా నూలూ పట్టూ కలిపిన నేతే. మగవాడి షోకుకు ఇంత నేర్పుగా సందు దొరికింది. ఆడపిల్ల తల మీది గుడ్డ రెండంగుళాలు జరిగితే ఈ ఓర్పు ఎవరికీ ఉండదు.

ముఖం కప్పాలా వద్దా అన్నదాని మీద పండితులే ఒక్క మాట మీద లేరు. ముఖం, చేతులు కనబడవచ్చన్నవాళ్లున్నారు, వద్దన్నవాళ్లూ ఉన్నారు. హజ్‌కు ఇహ్రాం దీక్షలో ఉన్న స్త్రీ మాత్రం ముఖం కప్పే నఖాబ్ కట్టకూడదు. మగవాడు కుట్టని రెండు గుడ్డలు చుట్టుకుని, టోపీ లేకుండా ఉండాలి. కాబా చుట్టూ అందరూ కలిసే తిరుగుతారు.

మన గుంటూరు, కర్నూలు పల్లెల్లో మిరపకాయలు కోసే, పత్తి తీసే ముస్లిం ఆడవాళ్లు చీరకొంగు తల మీదికి లాక్కునేవాళ్లు. అంతే వాళ్ల పర్దా. నల్ల బురఖా చాలా ఇళ్లలోకి తర్వాత వచ్చింది. కావాలని వేసుకునే అమ్మాయిని వద్దనే హక్కు నాకు లేదు. కానీ అది లేని ఆ అమ్మమ్మలకు సిగ్గూ లజ్జా లేవని ఎవరైనా అంటే ఊరుకోను.

ప్రభుత్వాలు వేలు పెట్టినా దెబ్బ తగిలేది ఆడవాళ్లకే. ఇరాన్‌లో హిజాబ్ సరిగా లేదని నైతిక పోలీసులు పట్టుకెళ్లిన 22 ఏళ్ల మహ్సా అమీనీ 2022 సెప్టెంబరులో చనిపోయింది. అదే ఏడాది కర్ణాటకలో యూనిఫాం పేరు చెప్పి హిజాబ్ ఉన్న పిల్లలను తరగతి బయట నిలబెట్టారు. మార్చి 15న హైకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఈలోగా పరీక్షలు ఎవరి కోసమూ ఆగలేదు.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే శుక్రవారం ఆడవాళ్ల పర్దా సంగతి పక్కన పెట్టి, నూర్ సూరా 30వ వాక్యం మీద బయాన్, అంటే ప్రసంగం, పెట్టించండి. బస్టాపుల్లో, కాలేజీ గేట్ల దగ్గర, ఫోన్లలో చూపు ఎక్కడ తిరుగుతోందో అడగండి. మన మసీదుల్లో ఎదురుగా కూర్చుని వినేది ఎటూ మగవాళ్లే.