తడిసిన లాగు ఎవరి తప్పు?

బిడ్డకు ఒంటికిని రెంటికిని చెప్పి పోవు నలవాటు పట్టువడిన పిమ్మటనే అంగన్‌వాడీకి పంపవలెనని వాదించువారు మనలో పెక్కండ్రు కలరు. కేంద్రమువారు అట్లందురు, పొరుగింటి అవ్వ అట్లే యనును, చదువుకొన్న తండ్రియు తల యూచును. ఈ మాట పైకి న్యాయమువలె తోచును. మేము దీనిని అన్యాయమనుచున్నాము.

మొదట దేహధర్మమును విచారింతము. మూత్రాశయము నిండినదని తెలిసికొనుట యొక శక్తి. తెలిసిన పిదప కొంత తడవు బిగబట్టుట వేరొక శక్తి. తగినచోట విడుచుట మూడవది. నరములును కండరములును ముదిరిన కొలది ఇవి వచ్చును గాని ఆజ్ఞాపించినంతనే రావు. ఒకటిన్నర యేట మొదలై, పెక్కుమంది పిల్లలకు మూడవయేటి ప్రాంతమున పగటివేళ ఇవి వశమగును. కొందరికి నాల్గవ యేడును పట్టును. ఐదేండ్ల బిడ్డ రాత్రివేళ పక్క తడుపుట సాధారణముగా రోగము కాదు. అమెరికా దేశపు శిశువైద్యుడు బ్రేజెల్టన్ వేయికి పైబడిన పిల్లల వృత్తాంతములను పరిశీలించి, బిడ్డ సిద్ధపడినపుడే నేర్పవలెననియు బలవంతము కూడదనియు 1962లో ప్రకటించెను. మన కేంద్రములలో పూర్వప్రాథమిక విద్యకు చేర్చుకొను వయస్సు మూడేండ్లు. ఈ విద్య సగము వచ్చి సగము రాని ప్రాయముననే బిడ్డ మన చేతికి వచ్చుచున్నాడన్నమాట! నేర్చిన తరువాత రమ్మనుట, ఈత వచ్చినగాని నీట దిగవలదనుటవంటిది.

బెదరించిన నేమగును? బిడ్డ బిగబట్టుట నేర్చును. తిట్టుకు వెఱచి రెండుమూడు దినములు రెంటికి పోకయుండును. మలము గట్టిపడి, విడుచునపుడు నొప్పి కలిగి, ఆ నొప్పికి జడిసి మరల బిగబట్టును. తుదకు గట్టిపడిన మలము ప్రక్కనుండి పలుచనిది తెలియకయే కారి లాగు పాడగును. దానిని చూచి పెద్దలు మొండితనమని కొట్టుదురు. మలబద్ధకమునకు దెబ్బ మందని ఏ వైద్యశాస్త్రమున నున్నదో వారే చెప్పవలెను. మూత్రమును బిగబట్టుటచేత మూత్రకోశమునకు రోగము సంక్రమించుటయు కలదు. ఆడుబిడ్డలకు ఈ బాధ మరింత యెక్కువ.

పలమనేరు, పుంగనూరుల నడుమనున్న పెద్దపంజాణి మండలమును తీసికొందము. అది మెట్టసీమ, బోరుబావి నీటితో పైరు పెట్టు ప్రాంతము. టొమాటో కోతకును మల్బరీ యాకు కోతకును పాడిపనికిని స్త్రీల చేతులే ఆధారము. కూలికి పోవు తల్లి బిడ్డను కేంద్రమున దింపక మరెక్కడ దింపును? అలవాటు చేసి పంపుమనుట ఆమె దినకూలిని ఊడగొట్టుటయే. పూర్వము ఈ పని ఇంటనే జరిగెడిదందురు. నిజమే. జేజి నేలపై కాళ్లు చాచి, పాదములమీద పసిబిడ్డను కూర్చుండబెట్టి, నోట సన్నని యీల వేయుచు తీరికగా కనిపెట్టుకొని యుండెడిది. అందులో గుర్తింపవలసినది ఆ తీరికయే. బిడ్డ మొగము ముడుచుట చూచి వేళ యెఱుగుట గొప్ప శాస్త్రము; దానిని ఏ పుస్తకమును చూడక ఆ ముసలమ్మ యెఱుగును. ఆ జేజియే నేడు ఉపాధిహామీ పనికి గంప నెత్తిన బెట్టుకొని పోవుచున్నది!

ఆయాను దూషించుట సులభము. 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ఆరంభమైన ఈ పథకము దేశమంతట వ్యాపించినది గాని, వంటయు ఊడ్పును పిల్లలను కడుగుటయు నేటికిని ఒక్క మనిషి చేతిమీదనే సాగుచున్నవి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడీ స్త్రీలు సమ్మెకు దిగునాటికి ఆయాకు ముట్టుచుండినది నెలకు 7,000 రూపాయలు. ఆ సమ్మె నలువది దినములకు పైగా నడచినది. అంత స్వల్పమునకు పనిచేయు మనిషిని పట్టుకొని ఓపిక చాలదని గద్దించుటకు మనకు నోరెట్లు వచ్చును? అయినను బిడ్డపై చేయి చేసికొనుటను మాత్రము మేము మన్నింపము. జీతము తక్కువైనది బిడ్డ చేసిన తప్పు కాదు.

ఇక మన యిండ్లలోని వింత చూడుడు. పసిబిడ్డ మలమునకు దోషము లేదని దానిని వీధికాలువలో పారవేయుదుము. అదే మలమును కేంద్రమున కడుగవలసి వచ్చినపుడు అది నీచమైన పనియనియు, ఫలాని కులమువారిదే యనియు వాదింతుము. దోషము లేనిచో కడుగుట నీచమెట్లగును? దోషమున్నచో వీధిలో నేల పారవేయవలెను? నిజమునకు పసివారి మలములోనే నులిపురుగులును ఏలికపాములును పుట్టించు గ్రుడ్లు మెండు. 2015 మొదలు ఫిబ్రవరి 10వ తేదీన పిల్లలకు పురుగులమందు మ్రింగించుచున్నాము. మరునాడే ఆ గ్రుడ్లు కలిసిన మట్టిలో వారిని ఆడనిచ్చుచున్నాము.

2014 మొదలు మరుగుదొడ్లు విరివిగా కట్టబడినవి. కాని పెద్దవారి కొలతకు కట్టిన తొట్టిమీద మూడేండ్ల బిడ్డ కాళ్లు ఎడముచేసి నిలువలేడు. ఆ రంధ్రములో పడిపోదునని వణకును. 1907లో రోమునగరమున శిశుగృహమును తెరచిన మాంటిస్సోరీ పిల్లల కొలతకు తగ్గించిన బల్లలును కుర్చీలును వారికిచ్చినది. 1939లో ఆమె మన అడయారునకే వచ్చి బోధించినది. ఆ సూత్రము కుర్చీకి చెల్లి మరుగుదొడ్డికి చెల్లకపోవుటకు కారణమేమి?

మేము కోరునది గొప్ప వ్యయమేమియు కాదు. ప్రతి కేంద్రమున ఒక చిన్న తొట్టియో, తక్కువ యెత్తున కూర్చుండు పీటయో యుండవలెను. తొట్టెలో నీళ్లు, బిడ్డ చేతికందు చెంబు, సబ్బు ఉండవలెను. ప్రతి తల్లియు ఒక మారు లాగు సంచిలో పెట్టి పంపవలెను. అన్నము తిన్న కొంతసేపటికి ప్రేగులు కదలుట సహజము గనుక, భోజనానంతరము పిల్లలను వరుసగా తీసికొనిపోయి కూర్చుండబెట్టవలెను, పోకున్నను తిట్టరాదు. నీళ్లకొరత యని సాకు చెప్పు పంచాయతీ, తన కార్యాలయపు గచ్చు కడిగించుటకు నీళ్లెక్కడివో మొదట చెప్పవలెను. తడిసిన బిడ్డను పదిమందిలో నిలుపక చాటుకు తీసికొనిపోయి మార్చవలెను. మురికియగునని మరుగుదొడ్డికి తాళము వేయుట కొన్నిచోట్ల కలదు; ఆ తాళపుచెవి ఎవరి కొంగుననో యుండక, పిల్లలున్నంతసేపు తలుపు ప్రక్కన మేకునకు వ్రేలాడవలెను.