దేశము పేర నిలుచు శిల్పి యెవరు?

వెనిస్ నగరమున 1895లో ఆరంభమైన అంతర్జాతీయ కళాప్రదర్శనము రెండేండ్ల కొకమారు జరుగుచు వచ్చుచున్నది. 1907లో బెల్జియము అచ్చట తనకొక ప్రత్యేక మండపమును నెలకొల్పుకొనెను. తరువాత నితర దేశములును ఆ దారినే పట్టి, తమ కళాకారులను తామే యెన్నుకొని తమ పతాకము క్రింద నిలుపుచున్నవి. మన దేశము లలితకళా అకాడమీ పూనికతో జాతీయ మండపమును మొదట తెరచినది 2011లో. 2019లో మరల కనబడెను. 2022లో లేదు, 2024లోను లేదు. ఇంత పెద్ద దేశమున కళాకారులు కరవైరని యెవరు నమ్మెదరు? కరవైనది నిలుకడగల పద్ధతి.

ఈ ప్రసంగము నంద్యాల గ్రంథాలయమున పత్రిక చదువువారి కేల యని కొందరడుగవచ్చును. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిదే ఆళ్లగడ్డ. అచ్చటి శిల్పులు చెక్కిన విగ్రహములు అనేక దేవాలయములలో పూజలందుకొనుచున్నవి. సముద్రములు దాటియు పోవుచున్నవి. ఆళ్లగడ్డ రాతిచెక్కడమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది వాణిజ్యశాఖ యిచ్చు గుర్తింపు. వెనిస్ మండపము సంస్కృతీశాఖ వ్యవహారము. మొదటి శాఖ మన శిల్పి సరకునకు ముద్ర వేసినది, సంతోషమే. కాని రెండవ శాఖ తలుపు తట్టుటకు అతనికి త్రోవ యేది?

అచ్చట ప్రదర్శించునది సమకాలిక కళ యనియు, శాస్త్రప్రమాణముల ననుసరించి విగ్రహము చెక్కువాడు చేతిపనివాడే యనియు ప్రతివాదులు చెప్పుదురు. తాళమానము తప్పక చెక్కిన ప్రతి విగ్రహమును వెనిస్‌కు పంపుడని మేమనము. కాని 2019లో మన మండపమున నిలిచినవానిలో నందలాల్ బోసు హరిపుర చిత్రములుండెను. 1938లో గాంధీమహాత్ముని కోరికపై, కాంగ్రెసు మహాసభకు వచ్చు పల్లెప్రజలు చూచి యానందించుటకై, ఆయన వానిని గ్రామజీవనము నుండియు జానపద చిత్రణరీతుల నుండియు గ్రహించి వ్రాసెను. ఎనుబదియేండ్లు గడచిన పిదప అవి సమకాలిక కళల నడుమ గౌరవమందినవి. మరి నేడు జీవించియుండి, తన రాతితో క్రొత్తమాట చెప్పజూచు శిల్పికి పరిశీలనమైనను దక్కకుండుట న్యాయమా?

ఇతర దేశముల పద్ధతులు దోషరహితములని మేము చెప్పబోము. ఆస్ట్రేలియావారు 2025 ఫిబ్రవరిలో ఖాలెద్ సబ్సబీ యను కళాకారుని 2026 ప్రదర్శనమునకు ఎన్నుకొనిరి. రాజకీయ విమర్శలు చెలరేగగా వారము నిండకమునుపే ఆ నిర్ణయమును రద్దుచేసిరి. కళాకారులు నిరసించిరి, విచారణ జరిగెను, జూలైలో ఆయననే మరల నియమించిరి. ఎన్నిక వెల్లడిగా జరిగినది గనుకనే అన్యాయము వెల్లడియై, దిద్దుబాటు సాధ్యమయ్యెను. చాటున జరిగిన యెన్నికలో తప్పును పట్టువా రెవరు?

కావున మేము కోరునది మూడు మాటలు. ప్రదర్శనమునకు చాలముందుగా తెలుగు మొదలగు దేశభాషలన్నిటిలో ప్రకటన వెలువడవలెను. నిర్ణేతల పేర్లును, నిర్ణయమునకు కారణములును ప్రజలకు తెలుపవలెను. ఆ నిర్ణేతలలో ఉలి పట్టి యెరిగిన వాడొక్కడైన నుండవలెను. అటుపిమ్మట ఢిల్లీవాడే యెన్నికగాక, ఆళ్లగడ్డవాడే యెన్నికగాక, మాకు సమ్మతమే. దేశము పేర నిలుచువానిని దేశ మెరిగి యెన్నుకొనవలెను.