నాడు ఐరిష్‌లపై.. నేడు ముస్లింలపై! అమెరికాలో మారని అనుమానం

ఏటా మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే వచ్చిందంటే అమెరికా అంతా పచ్చరంగే. షికాగోలో ఏకంగా నదికే పచ్చరంగు కలుపుతారు. ఐర్లాండ్ ప్రధాని వైట్‌హౌస్‌కు వచ్చి, షామ్‌రాక్ ఆకులున్న గిన్నెను అధ్యక్షుడికి అందజేయడం ఆనవాయితీ. యాభై లక్షలకు కాస్త పైన జనాభా ఉన్న చిన్న దేశానికి ఇంత మర్యాద ఎందుకు? తమ మూలాలు ఐర్లాండ్‌లో ఉన్నాయని చెప్పుకునే అమెరికన్లు మూడు కోట్లకు పైమాటే. వాళ్ల ఓట్లను ఏ పార్టీ కూడా వదులుకోలేదు.

అయితే ఈ గౌరవం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1845లో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. అంతకుమించి జనం దేశం విడిచి వెళ్లారు. తుర్కీ ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1847లో వాళ్ల కోసం వెయ్యి పౌండ్ల సాయం పంపారు.

ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరినవాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. అక్కడున్నది ప్రొటెస్టెంట్ మెజారిటీ. కరువుకు ముందే, 1844లో, ఫిలడెల్ఫియా అల్లర్లలో క్యాథలిక్ చర్చిలను తగలబెట్టారు. 1850లలో బలపడిన ‘నో నథింగ్’ పార్టీ, వలస వచ్చినవాళ్లు 21 ఏళ్లు ఉంటేనే పౌరసత్వం ఇవ్వాలని పట్టుబట్టింది. అందరి నోటా ఒకటే అనుమానం: వీళ్ల విధేయత ఈ దేశానికా, రోమ్‌లోని పోప్‌కా?

ఆ అనుమానం వందేళ్లు దాటినా పోలేదు. 1928 అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయిన అల్ స్మిత్‌పై క్యాథలిక్ అన్న ముద్ర బలంగా పడింది. 1960లో జాన్ కెనెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి, తన మతం పాలనలో జోక్యం చేసుకోదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే గెలిచారు.

మరి ఐరిష్‌లు ఎలా నిలదొక్కుకున్నారు? మతం వదులుకుని మాత్రం కాదు. సొంత స్కూళ్లు పెట్టుకున్నారు. పోలీసు, ఫైర్ ఉద్యోగాల్లో చేరారు. కార్మిక సంఘాలు నడిపారు. వార్డు స్థాయి నుంచి ఓట్లు కూడగట్టారు. 1880లో విలియం గ్రేస్ న్యూయార్క్‌కు తొలి క్యాథలిక్ మేయర్ అయ్యారు.

ఈ చరిత్రకు చేదు పార్శ్వం కూడా ఉంది. 1863లో న్యూయార్క్ అల్లర్లలో నల్లజాతీయులపై దాడులు చేసి, వాళ్ల అనాథాశ్రమాన్ని కాల్చిన గుంపుల్లో ఐరిష్ కార్మికులు ఎక్కువగా ఉన్నారు. 2017లో ఏడు ముస్లిం మెజారిటీ దేశాలపై ట్రంప్ ప్రయాణ నిషేధం విధించినప్పుడు, దాన్ని గట్టిగా సమర్థించిన షాన్ స్పైసర్, స్టీవ్ బానన్ ఇద్దరివీ ఐరిష్ మూలాలే. ఆ మార్చిలోనే నాటి ఐర్లాండ్ ప్రధాని ఎండా కెన్నీ, ట్రంప్ పక్కనే నిలబడి సెయింట్ పాట్రిక్ కూడా వలస వచ్చినవాడేనని గుర్తు చేశారు. అయినా 2025 జూన్‌లో ట్రంప్ మళ్లీ 12 దేశాలపై పూర్తి నిషేధం తెచ్చారు.

అదే ఏడాది నవంబరులో జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్‌కు తొలి ముస్లిం మేయర్‌గా ఎన్నికయ్యారు. ప్రచారంలో ఆయన మతంపైనా దాడులు జరిగాయి. పోప్ పేరుకు బదులు షరియా పేరు వచ్చింది, అంతే తేడా.

పచ్చరంగు పూసుకునే అదే షికాగోలో, డెవాన్ అవెన్యూ చుట్టూ హైదరాబాదీ ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఐరిష్‌లు నడిచిన దారి వాళ్లకూ తెరిచే ఉంది: చదువు, ఉద్యోగం, ఓటు. కాకపోతే కుర్చీ దక్కిన రోజున, తమ వెనక వచ్చేవాళ్లను అదే అనుమానంతో చూడకపోవడం కూడా ఆ దారిలో నేర్చుకోవాల్సిన పాఠమే.